రాచెట్ కన్నా ముందు కొనాల్సినవి

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి కొర్లగుంట. మా నాయన నడిపిన సైకిల్ షాపు ఇప్పుడు నేను చూసుకుంటా ఉండాను. ముందంతా మామూలు సైకిళ్లే, పానాలతో పని అయిపోయేది. ఇప్పుడు యూనివర్సిటీ పిల్లోళ్లు, ఏర్పేడు ఐఐటీ నుంచి వచ్చేవాళ్లు గేరు సైకిళ్లు తెస్తా ఉండారు. అన్నీ అలెన్ బోల్టులే, తలలో ఆరు పలకల గుంత ఉండేవి. నా దగ్గర ఒక ఎల్ కీల సెట్టు ఉండాది, చివర్లు అరిగిపోయినాయి. రాచెట్ సెట్టు కొందామని చూస్తా ఉండాను. ఒకటి 46 పీసులది, తక్కువ రేటు. ఇంకొకటి సైకిళ్ల కోసమే చేసింది, పది బిట్లే ఉండాయి, రేటు నాలుగింతలు. రాచెట్ లోపలి చక్రానికి 72 పళ్లుంటే మంచిదని ఒకరంటారు, 24 పళ్లది గట్టిదని ఇంకొకరంటారు. ఏది తీసుకోవాల? దాంతో పెడల్, పెడల్‌ను పట్టే క్రాంకు కూడా ఊడదీయొచ్చునా? ఇంకో మాట, షాపులో ఒక సైకిల్ ఉండాది. దాని హ్యాండిల్ పట్టే స్టెమ్‌లో 4 నంబరు బోల్టు గుంత గుండ్రంగా అయిపోయింది. దాన్ని ఎట్ల తీయాల?

సమాధానం: మీరు అడిగింది రాచెట్ గురించి, అంటే బోల్టు మీద నుంచి తీయకుండా ముందుకు వెనక్కి ఆడిస్తూ తిప్పే పిడి గురించి. కానీ ముందు పట్టించుకోవాల్సింది మీ ఉత్తరంలోని ‘చివర్లు అరిగిపోయినాయి’ అన్న మాట. స్టెమ్‌లో ఆ 4 నంబరు బోల్టు పాడవడానికి కారణం చాలావరకు ఆ అరిగిన కీయే అయ్యుంటుంది. ఆ సెట్టు షాపులో ఉన్నంతకాలం ఎంత ఖరీదైన రాచెట్ తెచ్చుకున్నా ఇలాంటి బోల్టులు వస్తూనే ఉంటాయి. అందుకని మొదట 4, 5, 6 మి.మీ. ఎల్ కీలు మంచివి విడిగా కొనండి. తర్వాత రాచెట్. ఆ తర్వాత డబ్బు కుదిరినప్పుడు టార్క్ కీ, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే కీ.

ఆ మూడు సైజులే ఎందుకంటే గేరు సైకిల్ మీద పనిలో ఎక్కువ భాగం వాటితోనే. మామూలు నిలువు తల అలెన్ బోల్టుల లెక్క ఇలా ఉంటుంది: ఎం5 బోల్టుకు (అంటే మర వ్యాసం 5 మి.మీ.) 4 మి.మీ. కీ, ఎం6కు 5, ఎం8కు 6. తల బుడిపెలా గుండ్రంగా ఉండే బటన్ హెడ్ బోల్టుకు ఇంకా చిన్న కీ పడుతుంది: ఎం5కు 3, ఎం6కు 4. స్టెమ్ బోల్టులు 4 గానీ 5 గానీ ఉంటాయి. సీటు కింద బిగింపు 5 లేదా 6. రిమ్మును రెండు పక్కలా నొక్కే వి-బ్రేక్ రబ్బర్లు, బ్రేక్ కేబుల్‌ను పట్టే బోల్టు, గేరు మార్చే వెనక డిరేలర్‌ను ఫ్రేముకు పట్టే బోల్టు, డిస్క్ బ్రేక్‌లో ప్లేటును నొక్కే క్యాలిపర్ బోల్టులు దాదాపు అన్నీ 5. బాటిల్ స్టాండు, క్యారియర్, మడ్‌గార్డు 4, అక్కడక్కడ 3. డిస్క్ ప్లేటును హబ్బుకు పట్టే ఆరు బోల్టులు మాత్రం స్టార్ గుంతవి, టీ25. క్రాంకు బోల్టుకు 8, వెనక గేర్లు కూర్చునే ఫ్రీహబ్ లోపలి బోల్టుకు చాలావాటిలో 10. బ్రేక్ లివర్ దూరం సర్దడం లాంటి చిల్లర పనులకు 2, 2.5 కావాలి.

అలెన్ కీ బోల్టును తిప్పేది తన ఆరు మూలల దగ్గర. మూల గుండ్రబడితే కీకి, గుంతకి మధ్య సందు పెరుగుతుంది. అప్పుడు మీ చేతి బలంలో కొంత బోల్టును తిప్పడానికి పోకుండా గుంత గోడలను బయటికి నెట్టడానికి పోతుంది. గుంత వెడల్పవుతుంది, కీ ఇంకా వదులవుతుంది, మరోసారి బలం పెడితే జారుతుంది. ఒక్క అరిగిన కీ ఎన్ని సైకిళ్ల మీద తిరిగితే అన్ని బోల్టులను కొంచెం కొంచెం పాడుచేస్తూ పోతుంది.

షాపులో సన్న కొలతలు తీసే వెర్నియర్ ఉంటే మీ 5 నంబరు కీని ఎదురెదురు పలకల మధ్య, చివర నుంచి రెండు మి.మీ. లోపల కొలవండి. 4.95 కన్నా తగ్గితే దాన్ని బోల్టులకు వాడకండి. ఇంకో చిక్కు కూడా ఉంది. పాత సెట్లలో అంగుళాల కీలు కలిసిపోయి ఉంటాయి. అంగుళంలో పదహారింట మూడు వంతుల (3/16) కీ 4.76 మి.మీ. అది 5 నంబరు గుంతలో దిగుతుంది, తిరుగుతుంది కూడా. కాబట్టి సరైనదే అనుకుంటాం. పావు మి.మీ. సందుతో గట్టిగా ఉన్న బోల్టు మీద బలం పెడితే మూలలు గీసుకుపోతాయి. మీ సెట్టులో అలాంటివి ఉంటే ఈరోజే ఏరి పక్కన పెట్టండి.

కొత్త ఎల్ కీలు టపారియా లాంటి పేరున్న తయారీవి, సైజు అచ్చు వేసినవి తీసుకోండి. పొడవు రకం దొరికితే అదే మేలు. ఎందుకో టార్క్ దగ్గర చెబుతాను. పొడవు వైపు చివర గుండులా ఉండే కీలు వాలుగా పెట్టినా తిరుగుతాయి, వదులుగా ఉన్న బోల్టును గబగబా తిప్పడానికి బాగుంటాయి. ఆ గుండు చివరతో మాత్రం చివరి బిగింపు గానీ, మొదటి విడదీత గానీ చేయకండి. గుండు మెడ సన్నం, అక్కడే విరిగి ముక్క గుంతలో ఉండిపోతుంది.

అరిగిన పాత కీలను పారేయక్కర్లేదు. పొట్టి వైపు చివర మూడు మి.మీ. గ్రైండింగ్ రాయి మీద అడ్డంగా, చదునుగా కోసేస్తే లోపలి పదునైన మూలలు బయటికొస్తాయి. రెండు సెకన్లు రాయికి ఆనించి నీళ్లలో ముంచడం, మళ్లీ ఆనించడం, ఇలా చేయాలి. చివర నీలం రంగుకు తిరిగిందంటే ఉక్కు పదును పోయినట్టే, ఆ భాగం కూడా కోసేయాలి.

కీ ఎంత కొత్తదైనా గుంత నిండా మట్టి ఉంటే అడుగు దాకా దిగదు. మన వైపు ఎర్రమట్టి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలు కలిస్తే బోల్టు గుంతలో అచ్చు పోసినట్టు గట్టిపడుతుంది. చిత్తూరు వైపు గ్రానైట్ పని జరిగే చోట్ల బూడిదలాంటి రాతిపొడి కూడా ఇంతే. ఎం5 బోల్టు గుంత లోతు రెండున్నర మి.మీ. పైచిలుకే. అందులో ఒక మి.మీ. మట్టి ఉంటే కీ పట్టేది సగానికి కొంచెం పైన మాత్రమే. అరిగిన స్పోకు ముక్క ఒకటి చివర కొడవలిలా వంచి, సానబెట్టి బల్ల మీద ఉంచుకోండి. ప్రతి బోల్టుకూ ముందు దాంతో గుంత తవ్వి, ఒక ఊదు ఊది, ఆ తర్వాత కీ పెట్టాలి. గుంతలు పాడైన బోల్టులు సగానికి సగం ఈ ఒక్క అలవాటుతో తగ్గుతాయని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు రాచెట్ సంగతి. అది చేసే మేలు ఒక్కటే. కీని గుంతలోంచి తీయకుండా పిడిని వెనక్కి తెచ్చుకోవచ్చు. ఎల్ కీ అయితే 60 డిగ్రీలకోసారి తీసి మళ్లీ పెట్టాలి. క్యారియర్ ఎం5 బోల్టు ఒక మర తిరిగితే 0.8 మి.మీ. కదులుతుంది. 16 మి.మీ. మర ఉంటే 20 చుట్లు. పక్కన క్యారియర్ కడ్డీ (స్టే) అడ్డొచ్చి కీని పూర్తిగా తిప్పలేని చోట 60 డిగ్రీల లెక్కన 120 సార్లు తీసి పెట్టాలి. రాచెట్ ఉంటే ఒక్కసారి పెడితే చాలు. తీసి పెట్టడం తగ్గితే గుంత అరుగుదల కూడా తగ్గుతుంది.

రెండో చేయి ఖాళీగా కావాల్సిన పనుల్లో అది ఇంకా బాగా ఉపయోగం. డిస్క్ క్యాలిపర్ సర్దేటప్పుడు ఎడమ చేత్తో బ్రేక్ లివర్ నొక్కి పట్టుకుని, కుడి చేత్తో రెండు బోల్టులను పావు చుట్టు ఇటు, పావు చుట్టు అటు బిగించాలి. ఒకదాన్నే పూర్తిగా బిగిస్తే క్యాలిపర్ పక్కకు తిరిగి ప్లేటుకు రాసుకుంటుంది. వి-బ్రేక్ రబ్బరు కూడా అంతే. బోల్టు తిరుగుతుంటే రబ్బరు తానూ తిరగబోతుంది, ఒక చేత్తో దాన్ని రిమ్ముకు సమంగా పట్టుకోవాలి. ఈ రెండు పనుల కోసమైనా షాపులో రాచెట్ ఉండాలి.

పళ్ల లెక్క మీద జనం అనవసరంగా వాదించుకుంటారు. 72 పళ్లుంటే పిడి 5 డిగ్రీలు కదిలితే ఒక పన్ను దాటుతుంది. 36 పళ్లకు 10, 24 పళ్లకు 15. ఎల్ కీకి కావాల్సిన 60తో పోలిస్తే 15 కూడా నాలుగో వంతే. వెనక క్యాలిపర్ దగ్గర, సీటు కింద, ఇరుకు చోట్ల పిడి ఆడటానికి 20 నుంచి 30 డిగ్రీలు సాధారణంగా దొరుకుతాయి. అంటే 24 పళ్లదీ పనిచేస్తుంది, 36 హాయిగా పనిచేస్తుంది. 72 ఉంటే ఇంకా సుఖం, కాకపోతే ఒక్కో పన్ను చిన్నది, లోతు తక్కువ. తయారీ బాగున్నప్పుడు ఇది సమస్య కాదు. చవక రాచెట్‌లో 72 పళ్లుంటే మాత్రం దుమ్ము పడిన రోజున పాల్ (పళ్లలో దిగి పట్టే చిన్న నాలుక) సరిగా దిగక బలం మీద జారుతుంది, వేళ్లు పోయి చైన్‌రింగ్ (చైను తిరిగే ముందు చక్రం) పళ్లకు తగులుతాయి. చవకది కొంటున్నట్టయితే పళ్లు తక్కువున్నదే కొనండి.

పళ్లకన్నా ముఖ్యం తల ఎత్తు. బోల్టు మీద పెట్టాక పనిముట్టు ఎంత ఎత్తు నిలుస్తుందో చూడాలి. 5 నంబరు ఎల్ కీ పొట్టి కాలు 28 మి.మీ. ఉంటుంది. రాచెట్ తల మందం, అందులోంచి బయటికొచ్చే బిట్ పొడవు కలిపితే 35 మి.మీ. లోపు ఉండాలి. మీరు చెప్పిన 46 పీసుల సెట్లు ఎక్కువగా చదరపు మొన రాచెట్లు. దానికి అలెన్ బిట్ పెట్టాలంటే మధ్యలో బిట్ పట్టే సాకెట్ ఒకటి తగిలించాలి. మొత్తం ఎత్తు 60 మి.మీ. దాకా పోతుంది. ఫ్రేము మధ్యలో, బాటిల్ స్టాండు లోపల అది దూరదు. దూరిన చోట కూడా ప్రతి అతుకు దగ్గర కొంచెం కొంచెం ఆట ఉంటుంది గనుక బిట్ వాలుతుంది. వాలిన బిట్ అరిగిన కీ చేసే పాడే చేస్తుంది.

అయినా ఆ సెట్టు పనికిరానిదని అనను. అందులోని 8, 9, 10 సాకెట్లు మామూలు సైకిళ్ల బ్రేకులకు, మడ్‌గార్డు నట్లకు బాగా పనికొస్తాయి. కాకపోతే చాలావాటిలో సాకెట్లు 14తో ఆగిపోతాయి, వెనక చక్రం నట్టుకు కావాల్సిన 15 ఉండదు. అందులో వచ్చే అలెన్ బిట్లను మాత్రం గేరు సైకిళ్ల మీద పెట్టకండి. మెత్తటి ఉక్కు బిట్ ఒత్తిడికి మెలితిరుగుతుంది. దాని పలకలను వెలుతురులో అడ్డంగా పట్టి చూస్తే మెలిక కనిపిస్తుంది.

నేను సూచించేది మూడో దారి. అరచేతిలో పట్టే చిన్న రాచెట్, బిట్ నేరుగా తలలోనే కూర్చునేది, ఒకటి తీసుకోండి. బిట్ తోక 6.35 మి.మీ. ఆరు పలకలది, అంటే పావు అంగుళం ప్రమాణానిది అయ్యుండాలి. మీరు చూసిన సైకిల్ సెట్టు బిట్లు ఈ కొలతవే అయితే, డబ్బు ఇబ్బంది లేకపోతే అదే కొనండి. టోపీక్, వేరా లాంటి కంపెనీలు ఇలాంటి చిన్న రాచెట్లు చేస్తాయి. లేదంటే రాచెట్ ఒక్కటీ విడిగా కొని, బిట్లు విడిగా చేర్చుకోండి. షాపుకు ఇదే లాభం, ఎందుకంటే అరిగేవి బిట్లే. వేరే కొలత తోక ఉన్న సెట్టయితే 5 నంబరు బిట్ అరిగిన రోజున మొత్తం సెట్టే పోయినట్టు.

బిట్లు ఎస్2 ఉక్కువి అడగండి. 25 మి.మీ. పొడవులో 4, 5, టీ25 రెండేసి ఉంచుకోండి. 2, 2.5, 3, 6 ఒక్కోటి చాలు. దాంతోపాటు 4, 5 సైజుల్లో 50 మి.మీ. పొడవు బిట్లు ఒక్కోటి. క్యారియర్ స్టే వెనక, ఫోర్కు పక్కన పొట్టి బిట్‌తో రాచెట్ తల అడ్డం పడే చోట అవి అక్కరకొస్తాయి. ఒక ప్లస్ బిట్, పీహెచ్2. తలలో బిట్ నిలవడానికి అయస్కాంతం ఉంటుంది. ఆకురాయి పొడి దానికి అంటుకుంటే బిట్ అడుగు దాకా కూర్చోదు. వారానికోసారి గోధుమపిండి ముద్దో, టేపు ముక్కో ఒత్తి తీస్తే రజను వచ్చేస్తుంది.

కొనేటప్పుడు రెండు పరీక్షలు చేయండి. బిట్ పెట్టి, పిడి ఒక చేత్తో పట్టి, బిట్‌ను రెండు వేళ్లతో వదులు దిక్కుకు తిప్పండి. తేలిగ్గా తిరగాలి. బరువుగా ఉంటే ఆ రాచెట్ సగం పనులకు పనికిరాదు. ఎందుకంటే బోల్టు వదులయ్యాక పిడిని వెనక్కి తెచ్చినప్పుడు బోల్టు కూడా దాంతోపాటే వెనక్కి తిరుగుతుంది. మంచి రాచెట్‌తో కూడా చివరి రెండు మూడు చుట్లలో ఇది జరుగుతుంది. అప్పుడు బిట్‌ను వేళ్లతోనే తిప్పుకోవాలి. రెండో పరీక్ష, బిట్‌ను ప్లయర్‌తో గట్టిగా పట్టి పిడిని బిగింపు దిక్కుకు వత్తుతూ దిక్కు మార్చే మీటను వేలితో తాకండి. కొంచెం తగిలితేనే దిక్కు మారిపోయేది వద్దు. ఇరుకులో ఫ్రేముకు తగిలి అదే మారిపోతుంది. మీట లేకుండా పిడి తిరగేసి పెట్టే రకాల్లో భాగాలు తక్కువ, దుమ్ము చోటుకు అవే మేలు.

పెడల్, క్రాంకు అడిగారు. చిన్న రాచెట్‌తో చేయకండి. పెడల్, నలుచదరం క్రాంకు బోల్టు 35 న్యూటన్ మీటర్లకు (తిప్పే బలం, అంటే టార్క్ కొలత ఇది) పైనే బిగించి ఉంటాయి. తుప్పు పట్టాక ఊడదీయడానికి అంతకన్నా ఎక్కువ బలం కావాలి. అరచేతి రాచెట్ లోపలి పళ్ల చక్రం కేంద్రం నుంచి దాదాపు 8 మి.మీ. దూరంలో పాల్ ఆనుతుంది. 40 న్యూటన్ మీటర్లు అంటే ఆ చిన్న పళ్ల మీద 5000 న్యూటన్లు, అర టన్ను బరువన్న మాట. అదే 5 న్యూటన్ మీటర్ల స్టెమ్ బోల్టుకు 60 కిలోల చిల్లర. ఇంకో బలహీనత ఉంది. 8 నంబరు బిట్ ముందు భాగం 8 మి.మీ. ఉన్నా వెనక తోక 6.35 మి.మీ. మాత్రమే, మెలితిరిగేది అక్కడే. మీ లెక్క ఇలా పెట్టుకోండి: 15 న్యూటన్ మీటర్లు దాటే ఏ బోల్టునూ చిన్న రాచెట్‌తో తాకకూడదు. తయారీదారు ఇంకా తక్కువ హద్దు రాసి ఉంటే అదే పాటించాలి.

పెడల్‌కు పొడవు పిడి ఉన్న 15 నంబరు పానా, లేదా వెనక నుంచి గుంత ఉంటే 6 లేక 8 పొడవు ఎల్ కీ. 100 మి.మీ. కీ చివర 40 న్యూటన్ మీటర్లు రావాలంటే 40 కిలోల బలం పెట్టాలి. 250 మి.మీ. పిడికి 16 కిలోలు చాలు. ఎడమ పెడల్ మర తలకిందులని మీకు తెలుసు. వెనక నుంచి అలెన్ కీ పెట్టినప్పుడు మాత్రం దిక్కు తికమక పడుతుంది. దానికి ఒక గుర్తు ఉంది. రెండు పెడళ్లకూ, ఏ వైపు నుంచి కీ పెట్టినా, పిడిని నిటారుగా పైకి నిలిపి వెనక చక్రం వైపు లాగితే ఊడుతుంది, ముందు చక్రం వైపు నెడితే బిగుస్తుంది. క్రాంకు బోల్టు తీశాక క్రాంకును లాగడానికి పుల్లర్ కావాలి. సుత్తితో కొడితే క్రాంకు ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ బేరింగు దెబ్బతింటుంది.

హ్యాండిల్ బేరింగును సర్దే పై మూత బోల్టుకు కూడా రాచెట్ వద్దు. అది పట్టి ఉంచే బోల్టు కాదు, ఆట తీసే బోల్టు. స్టెమ్ పక్క బోల్టులు వదిలి, పై మూతను ఎల్ కీ పొట్టి కాలు రెండు వేళ్లతో పట్టి తిప్పుతూ, ముందు బ్రేకు నొక్కి సైకిల్‌ను ముందుకు వెనక్కి ఊపి చూడాలి. ఆట పోయిన దగ్గర ఆపేయాలి. ఆ తర్వాత పక్క బోల్టులు బిగించాలి. రాచెట్‌తో ఆ చిన్న తేడా చేతికి తెలియదు, బేరింగు బిగుసుకుపోయి హ్యాండిల్ బరువుగా తిరుగుతుంది.

టార్క్ విషయం. మామూలు సైకిల్ ఉక్కు నట్టు మీద కొంచెం ఎక్కువ బిగిస్తే పెద్ద నష్టం లేదు. అల్యూమినియం స్టెమ్‌లో ఎం5 బోల్టు అతిగా బిగిస్తే మర లాక్కొచ్చేస్తుంది, స్టెమ్ మొత్తం మార్చాలి. తక్కువ బిగిస్తే భాకరాపేట ఘాట్ దిగుతున్నవాడి చేతిలో హ్యాండిల్ తిరిగిపోతుంది. స్టెమ్ మీద చాలాసార్లు అంకె అచ్చు వేసే ఉంటుంది, సాధారణంగా 4 నుంచి 6 న్యూటన్ మీటర్లు. షిమానో క్యాలిపర్ బోల్టులకు 6 నుంచి 8, టీ25 డిస్క్ ప్లేటు బోల్టులకు 2 నుంచి 4, వెనక డిరేలర్ బోల్టుకు 8 నుంచి 10, రెండు బోల్టులతో పట్టే షిమానో హాలోటెక్ రకం క్రాంకుకు ఒక్కో బోల్టుకు 12 నుంచి 14. బాటిల్ స్టాండుకు 2, 3 చాలు. క్రాంకు తప్ప ఇవన్నీ చిన్న రాచెట్‌తో తేలిగ్గా దాటిపోయే అంకెలు, అదే ప్రమాదం. క్రాంకువి కూడా దాని హద్దుకు దగ్గర్లోనే ఉన్నాయి.

టార్క్ కీ కొనేదాకా చేతికి అంచనా నేర్పడానికి ఒక పద్ధతి ఉంది. సామాను తూచే చిన్న వేలాడే కాటా తీసుకోండి. పొడవు ఎల్ కీ మీద బోల్టు మధ్య నుంచి సరిగ్గా 10 సెం.మీ. దగ్గర గీత పెట్టి, అక్కడ కొక్కెం తగిలించి, కీకి నిలువుగా, వాలకుండా లాగండి. ఆ దూరంలో ఎన్ని కిలోలు చూపిస్తే దాదాపు అన్ని న్యూటన్ మీటర్లు. 5 కిలోలకు 5. పొడవు కీ కొనమన్నది ఇందుకే, మామూలు 5 నంబరు కీ పొడవు కాలు 80 మి.మీ. లోనే అయిపోతుంది. పాత స్టెమ్ ఒకటి వైస్‌లో పట్టి పది సార్లు కాటాతో, పది సార్లు చేత్తో చేసి పోల్చుకుంటే 5 అంటే ఎంతో వేళ్లకు తెలిసిపోతుంది. కార్బన్ హ్యాండిల్, కార్బన్ సీట్ పోస్ట్ వస్తే మాత్రం ఈ అంచనా సరిపోదు. టార్క్ కీ లేకుండా అవి ముట్టుకోకండి. టార్క్ కీతో ఎప్పుడూ బోల్టు విడదీయకూడదు, పని అయ్యాక స్ప్రింగు అంకెను అన్నిటికన్నా కిందికి తిప్పి పెట్టాలి.

రాచెట్ లోపల గట్టి గ్రీజు పూయకండి. పాల్ స్ప్రింగు చాలా చిన్నది, చిక్కటి గ్రీజులో పాల్‌ను పంటి మీదికి నెట్టలేదు. కుట్టుమిషను నూనె ఒక చుక్క చాలు. నీళ్లు పోయినా, ఇసుక రాసిన చప్పుడు వచ్చినా విప్పి కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి మళ్లీ ఒక చుక్క వేయాలి. 2021 నవంబరులో ఊళ్లోకి నీళ్లు వచ్చినట్టు మళ్లీ వస్తే మునిగిన సైకిళ్లకు ముందు చేయాల్సింది కడగడం. బోల్టులకు నూనె పట్టించి ఒక రాత్రి వదిలాక గానీ కీ పెట్టకండి.

ఇక మీ స్టెమ్ బోల్టు. స్పోకు ముక్కతో గుంత శుభ్రం చేసి, చొచ్చుకుపోయే నూనె డబ్ల్యూడీ 40 లాంటిది వేసి రాత్రంతా వదలండి. పొద్దున కొత్త 4 నంబరు బిట్ పెట్టి చిన్న సుత్తితో నాలుగైదు సార్లు తట్టండి. ఆ తట్టుకు తుప్పు పట్టు వదులుతుంది, బిట్ కూడా లోతుకు దిగుతుంది. బిట్‌కు ఎల్ ఆకారపు పిడి తగిలించి, కిందికి గట్టిగా ఒత్తి పట్టి తిప్పండి. రాచెట్ వద్దు, దాంతో కింది ఒత్తిడి సరిగా కుదరదు.

జారితే టీ25 స్టార్ బిట్ తీసుకోండి. 4 నంబరు గుంత పలకల మధ్య దూరం 4 మి.మీ. టీ25 మొనల మధ్య 4.4 పైచిలుకు. కొడితే ఆ మొనలు గుంత గోడలను తొలుచుకుని పట్టుకుంటాయి. అది కూడా వదులైతే టీ27. 5 నంబరు బోల్టులకైతే టీ30. కొట్టేటప్పుడు స్టెమ్ కింద చెక్క దిమ్మె ఆనించండి, లేకపోతే దెబ్బ హ్యాండిల్ తిరిగే హెడ్‌సెట్ బేరింగుకు తగులుతుంది. హ్యాండిల్ కార్బన్‌దైతే కొట్టడమే వద్దు. ఇలా వాడిన టీ25ను డిస్క్ ప్లేటు బోల్టులకు మళ్లీ వాడకుండా రంగు పూసి వేరుగా పెట్టండి.

ఇదీ కుదరకపోతే, బోల్టు తల బయటికి ఉంటే లాకింగ్ ప్లయర్‌తో పక్కల పట్టి తిప్పండి. తల లోపలికి కూర్చుని ఉంటే డ్రిల్. 5 మి.మీ. బిట్‌తో, తక్కువ వేగంతో, గుంత మధ్యలోనే నేరుగా దించండి. అలెన్ గుంతే బిట్‌కు దారి చూపిస్తుంది. ఎం5 బోల్టు తల ఎత్తు 5 మి.మీ., దాదాపు అంత దిగేసరికి తల తెగి ఊడుతుంది. హ్యాండిల్‌ను పట్టే స్టెమ్ ముందు పలక వచ్చేస్తుంది, మిగిలిన మొండెం బయటికి పొడుచుకుని ఉంటుంది. తల లేదు గనుక దాని మీద లాగుడు కూడా ఉండదు, చాలావరకు ప్లయర్‌తోనే తిరిగి వచ్చేస్తుంది.

కొత్త బోల్టు ఒక్కటి కాదు, ఆ పలకవి నాలుగూ మార్చండి. పొడవు అదే ఉండాలి. తల మీద బోల్టు బలాన్ని చెప్పే అంకె 8.8 గానీ అంతకన్నా పైది గానీ అచ్చు ఉండాలి. పాత వాటి మీద 10.9 లేదా 12.9 ఉంటే అవే అంకెలవి వెతకండి. మెరుస్తున్నాయని మామూలు స్టెయిన్‌లెస్ బోల్టులు వేయకండి, వాటి బలం తక్కువ. మరలకు పలుచగా గ్రీజు రాసి, ముందు నాలుగూ వేళ్లతో పట్టే దాకా తిప్పి, ఆ తర్వాత ఎదురు మూలల వరుసలో పావు పావు చుట్టు బిగిస్తూ పలకకు, స్టెమ్‌కు మధ్య సందు పైనా కిందా ఒకేలా ఉందో చూసుకుంటూ 5 న్యూటన్ మీటర్ల దాకా తీసుకెళ్లండి. స్టెమ్ మీద వేరే అంకె అచ్చు ఉంటే ఆ అంకె దాకా.